స్టిక్కరు పోయింది, అక్షరం పోలేదు

మొన్న మాఘమాసంలో మా వీధి కుర్రాడొకడు ఎర్ర మారుతి 800 తోలుకొచ్చి మా షెడ్డు ముందు ఆపాడు. 2009 మోడలు. పదేళ్లకు పైగా ఏదో డ్రైవింగ్ స్కూల్లో తిరిగిన బండి. రెండు తలుపుల మీదా, డిక్కీ మీదా జానెడేసి పసుపు అక్షరాలు, కింద ఫోను నంబరు. "బాబాయ్, సాయంత్రానికి ఇవన్నీ పీకేసి ఇచ్చెయ్. రేపు అత్తారింటికి వెళ్లాలి" అన్నాడు. సాయంత్రానికట! అప్పటికే ఎడమ తలుపు మీద తనే చెయ్యి చేసుకున్నాడు. గడ్డం గీసుకునే బ్లేడుతో గోకాడు. 'డ్రై' సగం ఊడింది. దాంతోపాటే రంగూ లేచిపోయి, కింద బూడిద రంగు ప్రైమరు బయటపడింది. అది చూసి నా కడుపు రగిలిపోయింది.

నేను 1978లో విజయవాడ ఆటోనగర్‌లో పెయింటింగ్ షెడ్డులో చేరాను. అప్పట్లో కార్లంటే అంబాసిడర్లు, ఫియట్లు. బండి మీద పేరు కావాలంటే రాయాల్సిందే, అతికించడమన్న మాటే లేదు. సుద్ద పూసిన దారాన్ని మేస్త్రీ ఒక కొస, నేనొక కొస పట్టుకుని బిగలాగి టప్పున వదిలితే తలుపు మీద తెల్లటి గీత పడేది. రెండు గీతల మధ్య చాక్‌పీసుతో అక్షరాల కొలత వేసుకునేవాడు. ఎడమ చేతిలో కర్ర, దాని కొసకు గుడ్డ ఉండ. ఆ ఉండను బండికి ఆనించి, కర్ర మీద కుడి మణికట్టు మోపి, ఎనామిల్‌లో ముంచిన కుంచెను కదిపేవాడు. 'శ్రీ' గుడిదీర్ఘం ఒక్క ఊపులో తిరిగేది. మధ్యలో కుంచె ఎత్తితే అతుకు కనపడుతుందని ఊపిరి కూడా బిగబట్టేవాడు.

రాయడం ఒక ఎత్తు, చెరపడం ఇంకో ఎత్తు. తడి మీదయితే టర్పెంటైన్ గుడ్డ చాలు. బండి చేతులు మారి, ఏళ్లనాటి పేరు తీసెయ్యాలంటే అప్పుడుండేది అసలు పని. వాటర్ పేపరును సబ్బునీళ్లలో నానబెట్టి, అక్షరం మందం ఎంతుందో అంతే అరగదీయాలి. కింది రంగు జోలికి పోకూడదు. మేస్త్రీ కళ్లు మూసుకుని వేలి కొసతో తడిమేవాడు. "వేలికి అంచు తగిలినంతసేపు రుద్దు. తగలడం మానిందా, చెయ్యి తీసెయ్" అనేవాడు. నా వేలికి అది తెలియడానికి రెండేళ్లు పట్టింది.

అప్పటి రంగుకి కండ ఉండేది. మా షెడ్డులో డూకో పెయింటు పది పన్నెండు చేతులు కొట్టి, ఆరాక వాటర్ పేపరు పట్టి, కాంపౌండ్‌తో చేత్తోనే రుద్ది మెరుపు తెచ్చేవాళ్లం. ఎండకు మూడేళ్లలో పాలిపోతే మళ్లీ రుద్దేవాళ్లం. మందం ఉంది కాబట్టి ఓర్చుకునేది. ఇప్పటి కార్లకు ఫ్యాక్టరీలో రేకు మీద వేసే పొరలన్నీ కలిపినా 100 నుంచి 120 మైక్రాన్లు. అందులో పైనుండే క్లియర్ కోటు 40, 50 మైక్రాన్లు ఉంటే గొప్ప, తల వెంట్రుక కంటే పలచన. ఎండను కాచుకునే మందు కలిపేది ఆ పొరలోనే. మిషను పెట్టి ఎడాపెడా బఫింగ్ కొట్టిన ప్రతిసారీ అందులోంచే కొంత పోతుంది, పోయింది తిరిగి రాదు. ఇవాళ అద్దంలా మెరిసిన బానెట్టు రెండు వేసవులు తిరిగేసరికి పొట్టు లేచి, తెల్ల మచ్చలు కట్టి మళ్లీ మన షెడ్డుకే వస్తుంది. ఈ మాట చెబితే కుర్రమేస్త్రీలు వినరు. "కస్టమర్‌కి మెరుపు కావాలి గురూ" అంటారు.

స్టిక్కరు సంగతీ అంతే. అతికించేవాడికి అరగంట పని. కంప్యూటర్లో కొడితే మిషనే కోసిస్తుంది. ఏళ్ల తర్వాత అది ఎలా ఊడాలో అతికించేనాడు ఒక్కడూ ఆలోచించడు. వినైల్ అంటే పీవీసీయే. దాన్ని మెత్తగా ఉంచడానికి నూనెలాంటి పదార్థం కలుపుతారు. మన బెజవాడ ఎండకు అది మెల్లగా హరించుకుపోతుంది. స్టిక్కరు అప్పడంలా పెళుసెక్కి, పట్టుకుంటే చిటుక్కున విరుగుతుంది తప్ప లాగితే రాదు. జిగురు మాత్రం రంగునే కరుచుకుని ఉంటుంది. చవకరకం స్టిక్కరైతే ఈ గతి ఇంకా ముందే పడుతుంది. ఎన్నికల ప్రచారం స్టిక్కర్లు ఓట్లు పడ్డ నెలలోపు తీసేస్తే చేత్తోనే వస్తాయి. ఎవరు తీస్తారు? మళ్లీ ఎన్నికలొచ్చేదాకా అలాగే ఎండబెడతారు.

2012లో సుప్రీంకోర్టు కారు అద్దాలకు నల్ల ఫిల్ములు వద్దన్నప్పుడు కూడా చూశాను ఈ కుర్రాడిలాంటి తొందర. రోడ్డు పక్కనే ఆపి బ్లేడ్లతో గీకించుకున్నవాళ్లు ఎందరో. వెనకద్దం మీద మంచు పోగొట్టే సన్నటి తీగలుంటాయి, ఫిల్ముతోపాటు అవీ తెగిపోయాయి. ఆ అద్దాలకు ఇక ఆ సౌకర్యం లేనట్టే. సబ్బునీళ్లు పోసి, వేడి చూపించి ఓ గంట ఓపిక పడితే సరిపోయేది.

హీట్ గన్నును మాత్రం తప్పు పట్టను. మా కాలంలో అది ఉంటే ఎన్ని తలుపులు బతికేవో! రంగు మందం కొలిచే మీటరు కూడా మంచి వస్తువే, నా వేలు చెప్పలేని లెక్క అది చెబుతుంది. మా రోజుల్లో అన్నీ బాగున్నాయని కూడా అనను. మూతికి గుడ్డయినా కట్టకుండా థిన్నరు ఆవిర్లు పీల్చేవాళ్లం, పెట్రోలుతో చేతులు కడుక్కునేవాళ్లం. మా మేస్త్రీ చివరి నాలుగేళ్లూ దగ్గుతోనే వెళ్లదీశాడు. నేను బాధపడేది పనిముట్ల గురించి కాదు. చేతిలో ఇంత మంచి పనిముట్లుండీ, బండిని ఒక్కపూట నీడన ఉంచే ఓపిక లేకపోవడం గురించి.

సరే, ఎర్ర కారు దగ్గరికొద్దాం. ముందు బండిని కడిగించి నీడకు చేర్చాను. ఎవరికీ కనపడని మూల, తలుపు లోపలి అంచు మీద, తెల్లగుడ్డకు కాస్త కాంపౌండ్ రాసి రుద్దాను. గుడ్డ ఎర్రబడింది. అంటే పైన క్లియర్ లేదు, రుద్దేదంతా రంగునే. క్లియర్ ఉంటే గుడ్డకు రంగు అంటదు. చేసే పని ఏదైనా ఈ పరీక్ష తర్వాతే.

కుడి తలుపుకి హీట్ గన్ను పట్టాను, ఒకచోట నిలపకుండా కదుపుతూనే. రేకు మీద అరచెయ్యి ఆనిస్తే చురుక్కుమనాలి గానీ కాలకూడదు, అంతే వేడి. పాత ఏటీఎం కార్డు అంచుతో మూల లేపి, ఆ ముక్కను దాని మీదకే మడిచి, తలుపును రాసుకుంటూ వచ్చేలా మెల్లగా లాగడం. ఎదురుగా ఎత్తి లాగితే విరుగుతుంది, ఒక్కోసారి రంగునూ లేపుకొస్తుంది. వేలెడంత ముక్క వస్తే గొప్ప. ఒక్క తలుపుకే మధ్యాహ్నం అయిపోయింది. మిగిలిన జిగురు మీద కిరసనాయిలు గుడ్డ పరిచి పావుగంట నానబెట్టి తుడిచాను. థిన్నరయితే నిమిషంలో పోయేది. కానీ ఒకసారి రీపెయింటయిన బండికి థిన్నరు తగిలితే రంగు ముడతలు పడుతుంది, ఈ బండికి ఎక్కడెక్కడ టచప్ జరిగిందో నాకేం తెలుసు? ఆ తర్వాత సబ్బునీళ్లతో కడిగాను.

కడిగి చూస్తే అక్షరాలు అక్కడే ఉన్నాయి. స్టిక్కరు లేదు, జిగురు లేదు, అయినా 'డ్రైవింగ్ స్కూల్' అని నిక్షేపంగా చదువుకోవచ్చు. స్టిక్కరు కింద పదేళ్లపాటు ఎండ చూడని రంగు దానిమ్మ గింజలా ఉంది, చుట్టూ ఎండకు వెలిసిన రంగు పాత ఇటుకలా ఉంది. కుర్రాడు బిక్కమొహం వేశాడు. నిజానికి తేడా తెచ్చింది ఎండ, స్టిక్కరు కాదు. పని చెయ్యాల్సింది అక్షరం మీద కాదు, దాని చుట్టూ.

2000 నంబరు వాటర్ పేపరు నానబెట్టి, వెలిసిన భాగాన్నే పైపైన పట్టాను. ఎర్రటి నీళ్లు కారాయి. ఆ నీళ్లే రంగు, చూస్తూ చూస్తూ ఎక్కువ కార్చలేం. తర్వాత చేత్తో కాంపౌండ్, చివర మిషనుతో నిదానంగా పాలిష్, పైన వ్యాక్స్. బ్లేడు పడ్డ ఎడమ తలుపుకు మాత్రం వేరే దారి లేక పుట్టీ, ప్రైమరు, మళ్లీ రంగు. పాలిష్ పట్టిన కుడి తలుపు పక్కన పెట్టి చూసుకుంటూ రంగు కలపడానికే పూట పట్టింది. చిన్న బ్లేడు చేసిన నిర్వాకానికి తలుపంతా కొట్టాల్సి వచ్చింది. మొత్తం నాలుగు రోజులు. అత్తారింటికి బస్సులో వెళ్లొచ్చాడు.

నాలుగో రోజు సాయంత్రం ఏటవాలు ఎండలో బండి నిలబెట్టాం. ఎరుపు మళ్లీ ఎరుపులా ఉంది. కుడి తలుపు మీద మాత్రం ఒక వైపు నుంచి చూస్తే 'ల్' తోక లీలగా కనపడుతోంది. "ఇంకో రెండు పట్లు పట్టు బాబాయ్, అదీ పోతుంది" అన్నాడు.

"పట్టనురా. అక్కడ ఇంక ఇచ్చుకోవడానికి రంగు లేదు. ఇన్నాళ్లూ కప్పి ఉంచారు కాబట్టి ఆ చోటు ఎండ ఎరగదు. ఈ వేసవంతా బయటే తిప్పు, అదీ చుట్టుపక్కల రంగులో కలుస్తుంది. రోహిణి కార్తె దాటాక తీసుకురా, అప్పుడు చూద్దాం" అన్నాను.

వాడు కాసేపు ఆ తోక వైపే చూశాడు. దగ్గరికెళ్లి వేలితో తడిమాడు. అంచు తగల్లేదు. తాళం చెవి అడిగి తీసుకున్నాడు.