పగ్డీ తాత, ప్లేస్టేషన్ మనవడు

పాత్రలు:
పగ్డీ తాత: 1982 ముంబై బట్టల మిల్లుల సమ్మెలో పని పోయినా, పగ్డీ (ముందే కట్టే పెద్ద మొత్తం) ఇచ్చి తీసుకున్న కామాఠీపురా గది వదలని పెద్దమనిషి.
గేము మనవడు: నోరు తెరిస్తే కంపెనీ భజన.
దుకాణం మామ: ల్యామింగ్టన్ రోడ్డులో కొట్టు. మాట అగ్గువ, బిల్లు పిరం.

(తెలుగు చాళ్ గ్యాలరీ. పొద్దుగూకే వేళ. మనవడు అట్టపెట్టె విప్పుతుంటే పక్కనే మామ బిల్లు పట్టుకొని నిలబడ్డాడు.)

మనవడు: తాతా, జూడు! ప్లేస్టేషన్ 5, డిజిటల్ ఎడిషన్. డిస్కు పట్టేదైతే ఇంకా పిరం. ఇది అగ్గువ. పైసలు మిగిలినయ్!

తాత: మిగిలినయా? యాడున్నయ్, ఇటు తే.

మామ: మంచి పని చేసిండు తాతా. 2021 ఫిబ్రవరిల మన దేశంల దిగినప్పుడు ఇదే 39,990. మరుసటేడు ఐదువేలు పెంచిండ్రు.

తాత: గంత పెద్ద కంపెనీ పైసలు ఊకె ఇడుస్తదా? ఆ డిస్కు సందు ఎందుకు మూసిండ్రు?

మామ: సందుంటే, ఆడుడు అయిపోయినంక డిస్కు నా కొట్టుకు తెస్తరు. 4,999 పెట్టి కొన్నదాన్ని నేను సగానికి తీసుకుంట, ఇంకోనికి అమ్ముత. అండ్ల కంపెనీకి ఒక్క పైస రాదు. సందు మూస్తే ప్రతి ఆట కంపెనీ ఆన్‌లైన్ దుకాణంలనే కొనాలె. ఆడ ఆట తయారుచేసినోని దగ్గర నూటికి ముప్పై కంపెనీ పట్టుకుంటది. కొత్త మాడల్‌కైతే ఆ సందును విడిగ కూడ అమ్ముతుండ్రు.

తాత: తలుపు పీకేసి, తలుపును వేరేగ అమ్ముడా! ఈ గది ఇంకొకరికి రాసిస్తే మా మాలికు మూడోవంతు అడుగుతడు. ఇద్దరు ఒక్క బళ్లెనే సదివిండ్రా ఏంది?

మామ: గాని నీ మాలికు వాటా తీసుకొని అమ్ముకోనిస్తడు. 1999 కిరాయి చట్టం కూడ దానికి ఒప్పుకున్నది. వీడు కొన్న ఆటనైతే వాటా ఇస్తనన్నా అమ్ముకోనియ్యరు.

మనవడు: కంపెనీని అట్ల అనకుండ్రి! పాపం, ఈ యాపారంల డబ్బాలు నష్టానికి కూడ అమ్ముతరు. పోటీ డబ్బాలైన ఎక్స్‌బాక్సుల మీద ఎన్నడూ లాభం రాలేదని మైక్రోసాఫ్టు ఆఫీసరమ్మ 2021ల కాలిఫోర్నియా కోర్టుల ప్రమాణం చేసి చెప్పింది, తెలుసా?

తాత: ముంబైల నష్టానికి గది ఇచ్చిన మాలికును నేనైతే చూడలే. నా దగ్గర పగ్డీ అంతా ముందే గుంజిండు, కిరాయి చాయ్ పైసలకు రాసిండు. అందుకే పెచ్చులూడి నెత్తి మీద పడ్డా సిమెంటు ముట్టడు. మీ కంపెనీది ఉల్టా పగ్డీ. లోపలికి అగ్గువకు పిలుస్తరు, బతికినన్నాళ్లు కిరాయి గుంజుతరు.

మామ: దోస్తులతోని ఆన్‌లైన్ ఆడాలంటే చానా ఆటలకు మెంబర్షిప్ వేరే, తాతా.

మనవడు: అయితేంది? గాడ్ ఆఫ్ వార్, స్పైడర్‌మ్యాన్ ఇంకెక్కడ దొరుకుతయ్? ఎక్స్‌క్లూజివ్!

మామ: అవి 2018 ఆటలు. 2022ల రెండూ కంప్యూటర్లకు కూడ వచ్చినయ్ గద.

మనవడు: నాలుగేండ్ల తర్వాత! ఆ నాలుగేండ్లు మేము కాలరెగరేసుకొని తిరిగినం.

మామ: ఇంకోటి ఇను తాతా. 2009ల హైదరాబాదు అరోనా కంపెనీ హనుమంతుని మీద ఆట చేసింది. ప్లేస్టేషన్ 2ల తప్ప ఇంకేండ్ల ఆడదు.

తాత: సముద్రం దాటినోడు పక్క డబ్బాలకు దుంకలేకపోయిండా?

మామ: లంక దగ్గరనే తాతా, పక్క కంపెనీనే దూరం.

మనవడు: ఎక్స్‌బాక్సోళ్లు మాత్రం తక్కువ తిన్నరా? యాక్టివిజన్ ఆటల కంపెనీని 6,870 కోట్ల డాలర్లకు 2023ల మొత్తానికే కొనేసిండ్రు.

మామ: కొని ఏం చేసిండ్రు? ఎక్స్‌బాక్సోళ్ల ఆట ఫోర్జా హొరైజన్ 5, 2025ల ప్లేస్టేషన్‌కే వచ్చింది. వాళ్ల కులదైవం హేలో కూడ వస్తదని అదే ఏడు అక్టోబరుల చెప్పిండ్రు. డబ్బాలు తక్కువ పోతే ఆటలన్న ఎక్కువ పోవాలె గద.

తాత: గోడ కట్టినోళ్లే కిటికీలు పెడుతుండ్రు. మరి నువ్వెందుకు లోపల్నే కూసుంటవ్ రా?

మనవడు: కొన్న ఆటలన్నీ ఈ అకౌంట్లనే ఉన్నయ్ తాతా. వేరే కంపెనీకి పోతే ఒక్కటి వెంట రాదు.

మామ: అందుకే చెప్తున్న, జల్ది పైసలియ్యుండ్రి. ఇది అమెరికాల 2020ల 400 డాలర్లకు దిగింది, 2025ల 500 చేసిండ్రు. పాతవడ్డకొద్ది పిరమైతుంది.

తాత: ఆగు. పాతవడ్డ నా గది పిరమైతదంటే అర్థమున్నది, దాని కింద ముంబై భూమి ఉన్నది. ఈ ప్లాస్టిక్ డబ్బా కింద ఏమున్నది?

మామ: కింద ఏం లేదు తాతా. లోపల నీ మనవడున్నడు.

మనవడు: ముచ్చట్లు తర్వాత చెప్పుకుందురుగాని. మెంబర్షిప్ కట్టాలె. తాతా, నీ యూపీఐ పిన్ ఎంత?