ముసలి సత్రంలో గోనెపట్టా

నన్ను చూసి ముచ్చటపడేవాళ్ళు లేరు. రెండు అంచులు పీచులు లేచాయి, మధ్యలో నీలం అక్షరాలు చెరిగిపోయాయి, వాసన సంగతి నేనే చెప్పుకుంటే బాగోదు. పుట్టింది విజయనగరం జిల్లా నెల్లిమర్ల జూట్ మిల్లులో. నా పోగుల్లో మా వైపు గోగునార కొంత, బెంగాల్ జనపనార కొంత. కాడల్ని నీళ్ళలో ఊరేసి, కుళ్ళాక నార ఒలిచి, నూనె నీళ్ళు చల్లి మెత్తబరిచి వడుకుతారు. కొత్త గోనె దగ్గర నూనె కంపు వచ్చేది అందుకే. ఊళ్ళో పండిన బియ్యం నింపుకొని, ఈస్ట్ కోస్ట్ ఎక్స్‌ప్రెస్‌లో సీటు కింద దూరి ఖరగ్‌పూర్‌లో దిగాను.

మా ఇంటివాళ్ళ రాకా ఇంచుమించు అలాంటిదే. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే 1887లో పుట్టింది. తర్వాత ఈ ఎర్రనేల మీద జంక్షనూ వర్క్‌షాపూ లేచాయి. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి పనికొచ్చినవాళ్ళు మళ్ళీ పోలేదు. మామ్మగారి మామగారు ఫిట్టరు, భర్త ఫిట్టరు, కొడుకుదీ అదే వర్క్‌షాపు. న్యూ సెటిల్‌మెంట్ రైల్వే క్వార్టర్లలో మా గుమ్మం ముందు ముగ్గు, పక్క గుమ్మం ముందు ఆల్పన.

బియ్యం ఖాళీ అయ్యాక మామ్మ నన్ను కుట్టు విప్పి వెనక వరండాలో పరిచింది. అప్పుడే ఓ వట్టిపోయిన ఆవు వచ్చి పడింది. గోల్‌బజార్‌లో కూరగాయల తొక్కులతోపాటు ప్లాస్టిక్ సంచులూ మింగి తిరిగేది. కీళ్ళు పట్టేసి లేవలేకపోతుంటే పశువుల డాక్టరు మెలాక్సికామ్ సూది వేశారు. డైక్లోఫెనాక్ ఎందుకు వెయ్యరని మామ్మ కొడుకు అడిగాడు. ఆ మందు పడ్డ పశువు చచ్చాక దాన్ని తిన్న రాబందులు మూత్రపిండాలు చెడి రాలిపోయాయనీ, అందుకే 2006లో పశువులకి దాన్ని ఆపేశారనీ డాక్టరు చెప్పారు. ఆవు ఒక చలికాలం గడిపి పోయింది. మామ్మ మాత్రం రాబందుల మాట మరిచిపోలేదు. “సచ్చినాక కూడా మన ఆవు ఎవులికీ ఇసం కాలేదు” అని ఎవరొచ్చినా చెప్పేది.

ఆ తర్వాత ఒక గుడ్డి పిల్లి, ఎవరో వదిలేసిన పళ్ళూడిన మేక. పక్కింటి బెంగాలీ అక్క మా వరండాకి బుడోదేర్ హోటెల్ అని పేరు పెట్టింది. ముసలాళ్ళ హోటలన్నమాట. మామ్మ నోట్లో అది ముసలి సత్రమైంది.

నిజంగానే ఒక హోటలమ్మ ఇలాంటి పని చేసిందని మనవడు ఓ రోజు ఫోన్‌లో చదివి వినిపించాడు. ఇంగ్లండులో డెవన్ అనే చోట ఎలిజబెత్ స్వెండ్సెన్ భర్తతో కలిసి హోటలు నడిపేది. 1969లో నాటీ ఫేస్ అనే గాడిదను కొంది. అక్కణ్ణుంచి గాడిదలు పెరిగి, డాంకీ శాంక్చువరీ అనే పెద్ద సంస్థయింది. 1974లో ఒకావిడ వీలునామాలో 204 గాడిదలు ఆవిడకి రాసిచ్చిందట. మామ్మ నోరు తెరిచి విన్నది. “రెండొందల నాలుగా! ఒరే, గోనెలు ఎక్కణ్ణుంచి తెచ్చిందిరా ఆ తల్లి?” అంది. మనవడు నవ్వాడు గానీ అది నవ్వే ప్రశ్న కాదు.

ఎందుకంటే ముసలి జంతువుకి ముందు కావలసింది నేల. క్వార్టర్లో గచ్చు నున్నన. తుంటి కీళ్ళు అరిగిన కుక్క దాని మీద లేవబోతే వెనక్కాళ్ళు చెరో వైపూ జారిపోతాయి. రెండుసార్లు జారిందంటే భయపడి ఇక లేవడమే మానేస్తుంది. నా గరుకు మీద గోళ్ళకి పట్టు దొరుకుతుంది. ప్లాస్టిక్ గోతం పరిచి చూశారు: అదీ జారింది, పైగా ఉచ్చ అందులో ఇంకక పొట్ట కింద మడుగు కట్టింది. నేను పీల్చుకుంటాను, ఎండలో వేస్తే ఆరిపోతాను. చిరిగినప్పుడు జామచెట్టు మొదట్లో కప్పితే మట్టిలో కలిసిపోతాను. ఇది గొప్పకి చెప్పుకోవడం కాదు, గోతంతో నా పాత తగువు.

ఇప్పుడున్నది నల్లోడనే ముసలి కుక్క. పక్కవాళ్ళకి కాలూ. ఏ భాషలో పిలిచినా పలికేది, చెవులున్నన్నాళ్ళు. దీని బతుకంతా స్టేషన్లో గడిచింది. 1072 మీటర్ల ప్లాట్‌ఫాం, ఒకప్పుడు ప్రపంచంలో దానికి మించింది లేదు. ఏ బోగీ దగ్గర పూరీ ముక్క రాలుతుందో ఆ చివరి నుంచి ఈ చివరికి వీడికే తెలుసు. 2013లో గోరఖ్‌పూర్, 2023లో హుబ్బళ్ళి ఆ ప్లాట్‌ఫామ్‌ను దాటేశాయి. నల్లోణ్ణి కుర్ర కుక్కలు దాటేశాయి. కళ్ళు పొరలు కమ్మి, మెట్ల కింద ముడుచుకుని ఉంటే మామ్మ కొడుకు డ్యూటీ దిగి వస్తూ సైకిల్ మీద వేసుకొచ్చాడు.

పొద్దున మెత్తగా ఉడికిన అన్నంలో కోడిమాంసం చిదిపి పెడతారు. ఉడికిన ఎముకలు విరిగి పేగుల్లో గుచ్చుకుంటాయని తీసేస్తారు. నీళ్ళ గిన్నె ఇటుకల మీద, మెడ వంచక్కర్లేకుండా. పగలూ రాత్రీ కొన్ని గంటలకోసారి పక్క తిప్పుతారు, లేకపోతే తుంటి దగ్గర పుండ్లు పడతాయి. వీడి నొప్పి చూడలేక ఒకాయన మనుషుల నొప్పిమాత్ర రొట్టెలో పెట్టి పోతే వీడు రెండు రోజులు నెత్తురు కక్కాడు. జాలిపడే మనిషంటే మామ్మకి అప్పట్నుంచీ భయమే. మంచాలూ కుర్చీలూ జరపరు. గుడ్డివాడు ఇంటిని కొలుచుకుని పెట్టుకున్నాడు. చెవుడొచ్చిన ఏడు మొదటిసారి కాళీపూజ టపాసుల రాత్రి నా మీద హాయిగా గుర్రు పెట్టాడు.

మామ్మ మోకాళ్ళూ పట్టేశాయి. వీణ్ణి తిప్పడానికి వంగి, లేవలేక, ఒక్కోసారి నా అంచు మీదే కూలబడుతుంది. “నువ్వు ముందా నాను ముందా రా?” అని వాడి వీపు రాస్తుంది. వాడికి వినబడదు.

ఈ ఏడు కొడుకు రిటైరయ్యాడు. క్వార్టర్లో మామూలు అద్దెకి నాలుగు నెలలుండొచ్చు, ఆ గడువూ దగ్గరపడింది. ఊళ్ళో పొలం లేదు, అక్కడ మాట్లాడే తెలుగు కూడా మనవడికి కొంచెం కొత్త. నింపురా వైపు రెండు గదుల ఇల్లు చూశారు. మేకను పాలవాడు తీసుకుపోయాడు. మూటలు కడుతూ కోడలు నన్ను సబ్బు నీళ్ళలో వెయ్యబోయింది.

“ఒద్దే, దాన్ని ఉతక్కు” అంది మామ్మ. “కొత్తింట్లో ఆడికి పడక ఎక్కడో తెలవాల గదా.”

అందుకని నెల రోజులుగా నాకెవరూ నీళ్ళు తగలనివ్వలేదు. సామాన్లు చూడ్డానికొచ్చిన లారీవాడు వరండా గుమ్మంలోనే ఆగి ముక్కు మూసుకున్నాడు.