ఆరు కుదుళ్ళకు సీట్ల సర్దుబాటు

మా ఇంటి వెనక పెరడు ఆరు వంగమొక్కలకు సరిపోతుంది. మొక్కకీ మొక్కకీ రెండడుగులు వదలమంటారు. ఏడోది నాటాలంటే బట్టలారేసే తీగైనా పోవాలి, నేనైనా పోవాలి. ఇంట్లోవాళ్ళను అడిగి చూశాను. తీగ ఉండాలన్నారు.

కాబట్టి ఆరే. ఆ ఆరింట్లో ఏ రకం పెట్టాలన్నది తేలడానికి మాత్రం, తమిళనాట ఎన్నికల ముందు కూటముల సీట్ల సర్దుబాటుకు పట్టేంత కాలం పట్టింది. ఇంకో ఊళ్ళో ఇంత పంచాయితీ ఉండదనుకుంటాను. హోసూరులో పాలాయనతో కన్నడం, ఆఫీసులో తమిళం, ఇంట్లో తెలుగు. ఇక్కడి నాలుక మాటల్లోనే కాదు, కూరల్లోనూ మూడు పక్కలకు లాగుతుంది.

మా అమ్మది సూళగిరి పక్క పల్లె. ఆమె పట్టు గుండ్రటి చిన్న ఊదా వంకాయ మీద. "కాయ గుప్పిట్లో పట్టాల. నాలుగు చీలికలు కోసినా తొడిమ విడవకూడదు. అట్ల లేనిది ఎనుముకు ఎయ్యి" అని తీర్మానం. గుత్తి వంకాయ ఆమెకు పండగ నాటి మాట. మామూలు రోజున అదే కాయను పచ్చిమిరపకాయలతో, చింతపండుతో ఉడికించి, పప్పుగుత్తితో ఎనిపి బజ్జి చేస్తుంది. వేడి సంగటి ముద్ద నడుమ గుంట చేసి అందులో పోస్తుంది. ఆ గుంట ముందు కూర్చున్నవాడు అమ్మ తీర్మానానికి సవరణలు ప్రతిపాదించలేడు.

మా ఆవిడది వేలూరు పక్క. వాళ్ళమ్మ, అంటే మా అత్తగారు, ఫోనులోనే పోటీకి దిగారు. వాళ్ళ ప్రాంతంలో ఇలవంబాడి ముళ్ళ వంకాయ ఉంది. కాండానికి ముల్లు, తొడిమకు ముల్లు. 2023లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఆ సంగతి అత్తగారు నాకు చెప్పిన తీరు చూస్తే, గుర్తింపు వంకాయకు వచ్చిందో ఆమెకు వచ్చిందో తెలియలేదు. "ముల్లు లేనిది కూడా వంకాయేనా అల్లుడూ? అది ఎవరు కోసినా ఊరుకుంటాది. మాది అట్ల కాదు" అన్నారు. ఆ మాట కాయ గురించేనని అనుకుని ఫోను పెట్టేశాను.

ఇక మేడమీది సారు. ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన ఉడుపి మనిషి. ఆయనది మట్టుగుళ్ళ. చారలున్న గుండ్రటి పచ్చకాయ, మట్టు అనే ఊరిది. దాని విత్తనాలను వాదిరాజ స్వామివారే ఆ ఊరివాళ్ళకు ప్రసాదించారని కథ. 2011లోనే గుర్తింపు వచ్చిందని, అంటే ముళ్ళ వంకాయకు పన్నెండేళ్ళు సీనియరని, ఆయన సర్వీసు రిజిస్టరు భాషలో వివరించారు. ఆయన భార్యది మైసూరు. ఆమె భర్త మాట కొనసాగనిచ్చి, చివర్లో, "అది సాంబారుకు సరే. వాంగీబాతుకు సన్నటి పొడుగు పచ్చకాయే కావాల" అన్నారు. మేడమీది పార్టీ అక్కడికక్కడే చీలింది.

ఇంతమంది పక్షాలు చెప్పాక నేను పుస్తకాల పక్షం తీసుకున్నాను. బెంగళూరు పక్కన హెసరఘట్టలోని ఉద్యాన పరిశోధన సంస్థవాళ్ళు తమ రకాలకు అర్క అని ఇంటిపేరు పెట్టి, ఆపైన కావ్యాల్లోంచి తెచ్చినట్టు పేర్లు పెడతారు. అర్క కుసుమాకర్ గుత్తులుగా కాసే చిన్న పచ్చకాయ, అర్క శిరీష్ పొడుగు పచ్చకాయ. ఆంధ్రావాళ్ళవి భాగ్యమతి, శ్యామల, గులాబి. శుభలేఖ మీద అచ్చేసుకోవచ్చు. తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం మాత్రం కవిత్వం జోలికి పోదు. కో 2, ఎండీయూ 1, పీకేఎం 1, పీఎల్ఆర్ 1. కోయంబత్తూరు, మదురై, పెరియకుళం, పాలూరు, పుట్టిన ఊరి అక్షరాలు, వరస అంకె, అంతే. ఆ చీటీ చూసి మా అమ్మ, "యా బస్సుకు పోతావుండావు నాయనా?" అని అడిగింది.

పేర్లన్నిట్లో నాకు గులాబి నచ్చింది. పొడుగాటి ఊదా కాయ. నర్సరీకి వెళ్ళి, "గులాబి నారు ఉందా అన్నా?" అన్నాను. హోసూరులో ఆ మాట అడగకూడదు. ఆయన మారుమాట్లాడకుండా నన్ను పందిరి కిందికి తీసుకెళ్ళి, "తాజ్‌మహలా, వేరేదా సార్? ఎన్ని ఎకరాలు?" అన్నాడు. వంకాయ అని నేను, గులాబి అని ఆయన, ఇద్దరం గులాబి అనే అంటున్నాం. చివరికి ట్రేలలో ఉన్న వంగనారు చూపించాడు. "నీలం ఉండాది, పచ్చ ఉండాది, చారలది ఉండాది. యాది కావాల?" అన్నాడు. పరిశోధన సంస్థలు ఏళ్ళ తరబడి తపస్సు చేసి పెట్టిన పేర్లు నర్సరీ వాకిట్లో మూడు రంగులుగా మిగిలాయి.

అయినా నేను ఒక్క సీటు మాత్రం వదల్లేదు. కారణం ఉంది. ఆ మట్టిలోనే అంతకు ముందు పెట్టిన టమాటా మొక్కలు పచ్చగా ఉండగానే నిలువునా వడలిపోయాయి. ఒక కాండం కోసి గాజుగ్లాసు నీళ్ళలో నిలబెడితే కోసినచోట నుంచి సన్నగా తెల్లటి ధార దిగింది. బాక్టీరియా ఎండుతెగులు గుర్తు అదే. అమ్మ చూసి, "చూడు, పాలిస్తావుండాది" అంది. టమాటా, మిరప, బంగాళదుంప, వంగ అన్నీ ఒక కుటుంబం. ఒకరి రోగం ఇంకొకరికి ఆస్తిగా సంక్రమిస్తుంది. ఆ తెగులును తట్టుకునేవి అర్క నీలకంఠ్, అర్క నిధి, అర్క కేశవ్. విషం మింగిన దేవుడి పేరున్నదే మా మట్టికి తగినదని మొదటిదాన్ని ఎంచుకున్నాను. ఇంటిల్లిపాదిలో మట్టి తరఫున మాట్లాడింది నేనొక్కణ్ణే.

లెక్క తేలింది. అమ్మకు రెండు, అత్తగారికి రెండు, మేడమీద ఒకటి, నాకు ఒకటి. మేడమీది ఒక్క సీటులో మట్టుగుళ్ళా, పొడుగుకాయా అన్నది వాళ్ళ అంతర్గత వ్యవహారమని నేను తప్పుకున్నాను. పొడుగుకాయ గెలిచింది. సారు ఆ రోజు కిందికి దిగలేదు.

కృష్ణగిరి మేనమామకు సీటు ఇవ్వలేదు కాబట్టి ఆయన ప్రతిపక్షం. మాది మూడు వేల అడుగుల మిట్ట, వాళ్ళది దిగువన వేడి సీమ. వంగకు వెచ్చదనం కావాలి. మార్గశిరం చలికి మా మొక్కలు ముడుచుకుని కూర్చుంటే, అవే విత్తనాలు అక్కడ గంపలకు గంపలు కాస్తాయి. ఆ గంపల ఫొటోలు ఆయన రోజూ పొద్దున్నే పంపుతాడు. కింద ఒక్క మాటా రాయడు. అదే ఎక్కువ బాధ.

పురుగులకు మాత్రం ఏ పక్షమూ లేదు. అక్షింతల పురుగు ఆరు మొక్కలనూ సమానంగా ఆశీర్వదించి, ఆకుల్లో ఈనెలు మాత్రం మిగిల్చింది. మొవ్వులు తొలిచి, ఆపైన కాయలో చేరే పురుగు సంగతి ఇంకా పెద్దది. దాన్ని ఆపడానికే బీటీ వంకాయ తయారుచేశారు. దాన్ని పండించనివ్వాలా వద్దా అని అప్పటి కేంద్ర మంత్రి జైరాం రమేశ్ బెంగళూరు, హైదరాబాదుతో కలిపి ఏడు నగరాల్లో సభలు పెట్టి, 2010 ఫిబ్రవరి 9న ఆపేశారు. ధర్మపురి నుంచి విడదీసి మా కృష్ణగిరి జిల్లాను ఏర్పాటు చేసింది కూడా ఫిబ్రవరి 9నే, 2004లో. ఈ రెండింటికీ సంబంధం లేదు. అయినా మా మామ ఉన్నట్టే మాట్లాడతాడు. వంకాయ కోసం ఏడు సభలేమిటని అప్పట్లో నవ్వినవాళ్ళున్నారు. ఆరు మొక్కలకు మా ఇంట్లో ఎన్ని జరిగాయో వాళ్ళు చూడలేదు.

పూత మొదలైంది. వంగపూలన్నీ కాయలవవు. కీలం పొడుగ్గా ఉన్న పూలే నిలుస్తాయి, పొట్టివి రాలిపోతాయి. పుప్పొడి గొట్టాల్లాంటి అరల్లో ఉండి, తుమ్మెద వచ్చి జుమ్మని అదిరిస్తే కొసన ఉన్న రంధ్రంలోంచి రాలుతుంది. మా తుమ్మెద అమ్మ మొక్క నుంచి అత్తగారి మొక్కకు, అక్కణ్ణుంచి మేడమీదివాళ్ళ మొక్కకు పాస్‌పోర్టు లేకుండా తిరిగింది.

కాయలు వచ్చాయి, కూరలు అయ్యాయి, ఎవరి కూర వాళ్ళు మెచ్చుకున్నారు. అమ్మ తన మొక్క మీద ఒక కాయను విత్తనానికని వదిలేసింది. అది ముదిరి పసుపెక్కింది. చూడవచ్చిన మేనమామ మామిడికాయల జిల్లావాడు కదా, "ఇది యా రకం మామిడి, ఇంత కిందకి కాసింది?" అన్నాడు. వెటకారమేనని నా అనుమానం.

ఆ విత్తనం కావాలని మేడమీది సారు అడిగారు. మళ్ళీ ఆయనే, "తుమ్మెద అన్నిటి మీదా వాలింది. ఇందులో ఏ రకం మొలుస్తుందో చెప్పలేం" అని అనుమానం పెట్టారు. ఆయన చెప్పింది నిజమే. వంగలో పరపరాగం కొంత జరుగుతుంది.

"ఏది మొలిచినా బజ్జికి పనికొస్తాది" అంది అమ్మ.

ఫోను స్పీకర్లో ఉన్నట్టుంది. అవతల నుంచి అత్తగారి గొంతు వినబడింది. "వదినా, ముల్లుంటే అది మాది. లేకుంటే మీరే పెట్టుకోండి."