విచ్ వేట

ఇంగ్లీషులో నామవాచకం వెనక తోకలా వేలాడుతూ, అది ఏదో, ఎవరో చెప్పే వాక్యపు ముక్కను రిలేటివ్ క్లాజ్ అంటారు. తెలుగులో ఈ పని ముందే జరిగిపోతుంది. 'నిన్న కొన్న గొడుగు' అన్నప్పుడు రాజుకు ముందు వందిమాగధుల్లా 'నిన్న కొన్న' నడుస్తుంది. ఇంగ్లీషులో గొడుగు ముందొస్తుంది, దాని చరిత్ర వెనక వస్తుంది: 'ది అంబ్రెల్లా దట్ ఐ బాట్'. ఆ దట్ తీసి విచ్ పెట్టొచ్చు. రెండూ ఎగరగొట్టి 'ది అంబ్రెల్లా ఐ బాట్' అనీ అనొచ్చు. ఎగరగొట్టాలంటే క్లాజులో కర్త వేరే ఉండాలి. 'ది అంబ్రెల్లా దట్ లీక్స్'లో దట్ తీసేస్తే వర్ణన పోయి, గొడుగు కారుతోందన్న ఫిర్యాదు మిగులుతుంది.

అసలు బరువంతా కామా మీద ఉంది. 'మై బ్రదర్ హూ లివ్స్ ఇన్ గుంటూర్' అని కామా లేకుండా రాస్తే అన్నదమ్ములు ఇంకా ఉన్నారనీ, వాళ్లలో గుంటూరాయన సంగతి ఇదనీ అర్థం. హూ ముందు కామా పెడితే ఉన్నది ఆయనొక్కడే; గుంటూరు పైసమాచారం. ఆస్తి పంపకాల కాగితంలో ఈ కామా పొరపాటున పడితే మిగతా అన్నదమ్ములు అక్కడికక్కడే మాయం. మాటల్లో ఇదే పని గొంతు చిన్నగా ఆగి చేస్తుంది. కామా రకం క్లాజుల్లో దట్ సాధారణంగా ఇమడదు, ఎగరగొట్టడమూ కుదరదు. నియమాలు దాదాపు ఇంతే. ఇంగ్లీషు మాట్లాడేవాళ్లకు ఇవి సరిపోయాయి, దానికి కాపలా కాసేవాళ్లకు సరిపోలేదు.

1926లో హెచ్. డబ్ల్యూ. ఫౌలర్ తన వాడుక నిఘంటువులో ఒక పంపకం ప్రతిపాదించాడు: కామా లేనిచోట దట్, కామా ఉన్నచోట విచ్, ఎవరి వాటా వాళ్లకు. ఎక్కువమంది రచయితలు గానీ, మేటి రచయితలు గానీ ఇలా రాయడం లేదని ఆయనే ఒప్పుకున్నాడు కూడా. ఆ పెద్దమనిషి కోరిక అట్లాంటిక్ దాటేసరికి శాసనమైంది. విలియం స్ట్రంక్ పాత రచనాశైలి పుస్తకాన్ని 1959లో సవరించి తెచ్చిన ఇ. బి. వైట్, జాగ్రత్తపరుడైన రచయిత విచ్‌లను వేటాడతాడని రాశాడు. ఇంగ్లీషులో మంత్రగత్తెనూ అలాగే పలుకుతారు గనక చమత్కారం పేలింది. మంత్రగత్తెల వేటలో లాగే ఇక్కడా నేరం రుజువు కానక్కర్లేదు, కంటబడితే చాలు. అదే వైట్ పంది చావు మీద 1948లో రాసిన పేరుమోసిన వ్యాసంలో కామా లేని విచ్ నిక్షేపంగా కూర్చుని ఉంది. పెర్ల్ హార్బర్ మీద దాడి జరిగిన మర్నాడు, 1941 డిసెంబర్ 8న, రూజ్‌వెల్ట్ దాడి తేదీని తిట్టిపోసిన వాక్యంలోనూ ఉన్నది విచ్చే. యుద్ధం ప్రకటించమని అడుగుతున్న అధ్యక్షుణ్ణి ఆపి, 'అయ్యా, అక్కడ దట్ ఉండాలి' అని అమెరికా కాంగ్రెస్‌లో ఎవరూ అనలేదు. ఇప్పుడు ఆ లోటును కంప్యూటరు తీరుస్తోంది. ఆఫీసు ఉత్తరంలో కామా లేని విచ్ కనబడితే కింద రంగుగీత గీస్తుంది. గీత చూసి గుమస్తా జడుసుకుని దట్ కొడతాడు. గీత పోతుంది, ఉత్తరంలో అర్థం ఎక్కడున్నది అక్కడే ఉంటుంది.

విభక్తి పని చేసే చిన్న మాటల మీద పడ్డ కేసు ఇంకా పాతది. 'ది హౌస్ ఐ లివ్ ఇన్' అని ప్రతి ఇంగ్లీషు పిల్లాడూ అంటాడు. అలా చివర్న 'ఇన్', 'ఫ్రమ్' వదిలేయడం తప్పని 1672లో కవి జాన్ డ్రైడెన్, అప్పటికి 35 ఏళ్ల కిందటే పోయిన నాటకకర్త బెన్ జాన్సన్ మీద నేరం మోపాడు. తీరా తన నాటక వ్యాసం తిరగేస్తే అందులోనూ అవే తోకలు. 1684 కూర్పులో వాటిని కత్తిరించుకున్నాడు. 1762లో, తర్వాత బిషప్ అయిన రాబర్ట్ లోత్, ఈ అలవాటు మాటల్లో ఫర్వాలేదు గానీ గంభీరమైన రాతకు అంతగా నప్పదని చెబుతూ, ఆ ముక్కనే 'టు'తో ముగించాడు. అందులో విచ్ కూడా కామా లేకుండానే ఉంది. హూకు కర్మరూపమైన హూమ్ గురించి చెప్పేందుకు పెద్దగా లేదు: మాటల్లో ఇంచుమించు పోయింది, అక్కర్లేని చోట మర్యాద కోసం తిరిగొస్తుంటుంది.

ఇక మాటకు కారం దట్టించే క్రియావిశేషణాలు. తెలుగు 'చాలా' ఎటైనా వెళుతుంది: చాలా మంచిది, చాలా ఇష్టపడ్డాను. ఇంగ్లీషు 'వెరీ' విశేషణాల గడప దాటి నేరుగా క్రియను తాకదు. 'ఐ వెరీ లైక్' అనకూడదు, 'వెరీ మచ్' అని మచ్‌ను తోడు తెచ్చుకోవాలి. 'క్వయిట్' మరీ తిరకాసుది. 'క్వయిట్ డెడ్' అంటే పూర్తిగా చచ్చినట్టే. 'క్వయిట్ గుడ్' అన్నది బ్రిటిష్ పెద్దమనిషయితే ఏదో ఫర్వాలేదని, అమెరికా ఆయనయితే బాగుందని.

'యూనిక్', 'పర్ఫెక్ట్' లాంటి మాటలకు హెచ్చుతగ్గులు ఉండవు గనక వాటికి వెరీ తగిలించకూడదన్నది కాపలాదారుల మరో కేసు. అదే న్యాయమైతే మొదటి ముద్దాయి 1787 నాటి అమెరికా రాజ్యాంగం. 'మోర్ పర్ఫెక్ట్' ఐక్యత కావాలని దాని పీఠికే అడుగుతుంది.

కారం దట్టించే ఈ మాటలన్నీ ఒకప్పుడు గట్టి అర్థంతో బతికి, వాడివాడి అరిగిపోయినవే. వెరీ పాత ఫ్రెంచిలో 'నిజమైన' అన్న మాట నుంచి వచ్చింది. ప్రిటీ అంటే మొదట జిత్తులమారి. ఇప్పుడది 'ప్రిటీ అగ్లీ' అనడానికి కూడా మొహమాటపడదు. 'ఆఫుల్లీ'లో భయభక్తులుండేవి, ఇప్పుడు 'ఆఫుల్లీ నైస్'లో టీ తాగుతున్నాయి. తెలుగువాళ్లు దీనికి ఆశ్చర్యపోనక్కర్లేదు. ఆవకాయ ముద్ద నోట్లో పెట్టుకుని 'యమా బాగుంది' అన్నప్పుడు దున్నపోతు మీద ఎవరైనా వస్తున్నారేమోనని విస్తరి ముందు నుంచి ఎవరూ లేవరు.

ఇన్నింటినీ సహించిన కాపలాదారులకు 'లిటరల్లీ' దగ్గర మాత్రం కన్నీళ్లు ఆగవు. అక్షరం అన్న లాటిన్ మాట నుంచి పుట్టింది గనక ఉన్నదున్నట్టే చెప్పాలట. 'నవ్వి నవ్వి లిటరల్లీ చచ్చాను' అంటే శవం చూపించాలట. నిఘంటువులు ఈ అతిశయోక్తిని ఒప్పుకున్నాయని 2013లో పత్రికలు గోలపెట్టాయి. మెరియమ్ వెబ్‌స్టర్ పెద్ద నిఘంటువు 1909లోనే ఒప్పుకుంది. ఆక్స్‌ఫర్డ్ దీనికి చూపే ఉదాహరణలు 1769 దాకా వెళతాయి. డికెన్స్, మార్క్ ట్వేన్ ఇలాగే వాడారు. తెలుగులో దీని తోబుట్టువు 'అక్షరాలా'. ప్రామిసరీ నోటులో 'అక్షరాలా పదివేల రూపాయలు' అని రాసిన మనిషే బస్సు దిగి 'అక్షరాలా నరకం చూశాం' అంటాడు. అతణ్ణి నరకం టికెట్టు చూపించమని అడిగినవాళ్లు లేరు.

లిటరల్లీని తిడుతూ సంపాదకుడికి ఉత్తరం రాసే ఇంగ్లీషు పెద్దమనిషి అందుకునే ఊతపదం 'రియల్లీ'. అది కూడా ఒకప్పుడు 'వాస్తవంలో' అని మాత్రమే అర్థమిచ్చేది.