సెమీకోలన్ భద్రం, శంషాబాద్ ఆగం

సాఫ్ట్‌వేర్ కోచింగ్ సెంటర్ల అమీర్‌పేటలో ఒక మతం ఉంది. దాని దేవుడు ప్రోగ్రాం లైను చివర పెట్టే సెమీకోలన్. మైత్రీవనం చుట్టూ గోడల నిండా ఆయన స్తోత్రాలే: జావా, పైథాన్, డాట్‌నెట్. ప్రోగ్రాంను యంత్రభాషలోకి మార్చే కంపైలర్ తప్పు చూపలేదంటే మోక్షం దక్కినట్టు. సింటాక్స్ అంటే ఆ భాషల వ్యాకరణం. "సింటాక్స్ వచ్చేసింది సార్" అన్నవాడు ఇంజినీరు. ఇంటర్వ్యూలో కాగితం మీద బ్రాకెట్ మూయడం మరిచినవాడు పాపి. ఈ మతంలో తెగలూ ఉన్నాయి. బ్రాకెట్లు పెట్టేవాళ్లవి నిలువు నామాలు, లైను ముందు జాగా వదిలే పైథాన్ వాళ్లవి అడ్డ నామాలు. కొట్టుకోవడంలో మాత్రం ఎవరూ తక్కువ కాదు.

ఈ భక్తులందరినీ 2024 జులై 19న శంషాబాద్ విమానాశ్రయానికి తోలుకెళ్లాల్సింది. ఆ శుక్రవారం చెకిన్ వ్యవస్థలు పడకేశాయి. ఇండిగో వాళ్లు బోర్డింగ్ పాసులు పెన్నుతో రాసిచ్చారు. ప్రపంచమంతటా దాదాపు 85 లక్షల విండోస్ యంత్రాలు నీలితెర కప్పుకున్నాయి.

ఇంతకీ సెమీకోలన్ ఎక్కడ జారింది? ఎక్కడా జారలేదు. ఆ యంత్రాలకు భద్రతా సాఫ్ట్‌వేర్ అందించే క్రౌడ్‌స్ట్రైక్ కంపెనీ తానే ఇచ్చుకున్న సంజాయిషీ ప్రకారం, దాని కొత్త అప్‌డేట్ 21వ విలువ చూడమంది. ప్రోగ్రాం చేతిలో ఉన్నవి 20. లేనిదాన్ని చదవబోయి కూలింది. ముందే తనిఖీ చేయాల్సిన సాఫ్ట్‌వేర్ కూడా నిక్షేపంగా ఉందని ముద్ర కొట్టి పంపింది! 1996లో ఏరియాన్-5 రాకెట్‌దీ ఇదే తంతు. మడి కట్టుకున్నట్టుండే ఏడా భాషలో రాసిన ప్రోగ్రాం అది. 64 బిట్ల సంఖ్యను 16 బిట్లలో కుక్కబోయింది, నిమిషం తిరక్కముందే రాకెట్ పేలింది.

అలాగని సింటాక్స్ దండగ అనను. 2014లో యాపిల్ భద్రతా ప్రోగ్రాంలో ఒకే లైను రెండుసార్లు పడిన సంగతి బయటపడింది. రెండోది కూడా పైనున్న షరతు కిందిదే అన్నట్టు లోపలికి జరిగి ఉంది. బ్రాకెట్లు మాత్రం లేవు. సీ భాష ఆ జరుగుడును పట్టించుకోదు కాబట్టి, షరతుతో పనిలేకుండా ఆ లైను నడిచింది, అసలు సంతకం తనిఖీ ఎగిరిపోయింది. పైథాన్‌లో అయితే మన కంటికి కనిపించిందే యంత్రమూ చదివేది. ఈ ఒక్క పాయింటూ అడ్డ నామాల వాళ్లకి ఇచ్చేద్దాం. చదివే మనిషిని మోసపోనివ్వకపోవడమే సింటాక్స్ చేయగల పెద్ద మేలు. మన క్లాసుల్లో దాన్ని బట్టీ పట్టిస్తారు, ఇంకొకరు రాసిన ప్రోగ్రాం చదవడం మాత్రం నేర్పరు.

ఇంటర్వ్యూలు చేసే సార్లకు ఒక మనవి. బ్రాకెట్లు లెక్కపెట్టే పని కంపైలర్‌కి వదిలేయండి, అది జీతం అడగదు. కుర్రాణ్ని మాత్రం ఇది అడగండి: "ఇరవై ఉన్నచోట ఇరవై ఒకటోది అడిగితే నీ ప్రోగ్రాం ఏం చేస్తుంది బాబూ?"