కసువూడిస్తే ఎన్ని క్యాలరీలు?

మా వెలుగోడులో ఒళ్ళు తగ్గాలనుకున్న మగవాళ్ళకు ఒకటే దారి, రిజర్వాయరు కట్ట. శ్రీశైలం నీళ్ళు పోతిరెడ్డిపాడు దాటి, బానకచర్ల దాటి వచ్చి మా ఊరి దగ్గర ఆగుతాయి. దాదాపు 17 టీఎంసీలు పట్టే జలాశయం. తెలుగుగంగ పుణ్యమా అని ఆ నీళ్ళు ఇక్కడి నుంచి బయల్దేరి చెన్నై దాకా పోతాయి. వాటి పక్కనే బయల్దేరిన మేము టీకొట్టు దాకా పోతాము. అక్కడ ఉగ్గాని, దాని మీదికి రెండు మిరపకాయ బజ్జీలు తిని, నడిచిన ఆయాసం తీర్చుకుని, ఎవరిదో ఒకరి బండెక్కి ఇంటికి చేరుకుంటాము. నెల తిరిగేసరికి తూకంలో తేడా వస్తుంది. పైకి.

మా అమ్మాయికి ఈ సంగతి డల్లాస్‌లో తెలిసింది. ఒక చేతి గడియారం పంపించి, దానికి జతగా ఫోనులో ఒక యాప్ ఎక్కించింది. తిన్నది రాయాలి, చేసిన వ్యాయామం రాయాలి, రాత్రికి అది కూడికలు, తీసివేతలు చేసి ఇంకా ఎన్ని క్యాలరీలు తినొచ్చో చెబుతుంది. రిటైరైన లెక్కల మాస్టరును కాబట్టి నాకు నచ్చింది. చిక్కంతా వ్యాయామాల జాబితాలోనే వచ్చింది. ఈత అని ఉంది. ఈత కొట్టాలంటే రిజర్వాయరులో దిగాలి. టెన్నిస్ అని ఉంది. ఊళ్ళో ఉన్న వలలన్నీ చేపలకే సరిపోతున్నాయి. వేలితో కిందికి జరుపుకుంటూ పోతే, అడుగున ఎక్కడో కనబడింది, ‘ఇంటి పని’ అని.

ఇన్నేళ్ళూ మా ఇంట్లో అది జరుగుతూనే ఉందిగాని, దానికి క్యాలరీలు ఇస్తారని ఎవరూ చెప్పలేదు. వెంటనే లేచి పరక తీసుకుని హాలంతా ఊడ్చి, అరగంట అని నొక్కాను. 115 క్యాలరీలు ఖాతాలో పడ్డాయి.

“ఏంది, పరక పట్టుకొని ఫోను చూసి నవ్వుతాండారు?” అంది మా ఆవిడ వంటింట్లోంచి.

విషయం చెప్పాను. ఆమె వచ్చి హాలు చూసింది. సోఫా చూసింది. వంగి సోఫా కింద కూడా చూసింది.

“ఆ 115 సరే, ఈడ కిందుండే కసువు ఎవరి ఖాతాలో రాయాల?”

లెక్కల మాస్టరుకు సమాధానం దొరకని ప్రశ్నలు ఇంట్లోనే పుడతాయి. ఇది తేల్చాల్సిన విషయమే అనిపించింది. ఇంటి పని వ్యాయామమా, కాదా? క్యాలరీల పద్దులో దాన్ని జమ వేసుకోవచ్చా?

యాపులు ఈ లెక్కలు గాలిలోంచి తీయవు. 1993లో అమెరికాలో బార్బరా ఎయిన్స్‌వర్త్ అనే ఆమె, తోటి శాస్త్రవేత్తలతో కలిసి మనుషులు చేసే పనులన్నింటికీ ఒక పట్టిక వేసింది. తర్వాత 2000లో, 2011లో, 2024లో దాన్ని సరిదిద్దారు. అందులో కొలత పేరు మెట్. ఊరికే కూర్చుని ఊపిరి తీసుకోవడానికి ఒళ్ళు పెట్టే ఖర్చు 1 మెట్, అంటే కిలో బరువుకు గంటకు సుమారు ఒక క్యాలరీ. 2011 పట్టిక ప్రకారం నేల ఊడ్చడం 3.3. నిలబడి కర్రతో బండలు తుడవడం 3.5. మామూలు నడక కూడా 3.5. గుడ్డలు చేత్తో ఉతకడం 4. మోకాళ్ళ మీద కూర్చుని నేలను గట్టిగా రుద్దడం 6.5. గిన్నెలు తోమడం మాత్రం 1.8, వంట చేయడం 2.

ఈ పట్టిక చూశాక నాకు రెండు సంగతులు తెలిశాయి. మా కట్ట మీద నడక, మా ఆవిడ బండలు తుడవడం ఒకే తరగతి. కాకపోతే బండలు తుడిచేచోట టీకొట్టు లేదు. రెండోది, ఊడ్చడం, ఉతకడం వ్యాయామమేనని ఒప్పుకునే పట్టిక, గంటలకొద్దీ పొయ్యి ముందు నిలబడేదాన్ని మాత్రం ‘తేలికపాటి’ పని అంటుంది. 3 మెట్లు దాటితేనే ఒక మోస్తరు శ్రమ. ఈ మాట మే నెలలో నంద్యాల జిల్లాలో ఏదో ఒక వంటింట్లో నిలబడి చెప్పాలి.

ఇక నా 115 సంగతి. 70 కిలోల మనిషిని నేను. 3.3ను 70తో, దాన్ని అరగంటతో గుణిస్తే 115 వస్తుంది, నిజమే. అయితే అందులో 35 క్యాలరీలు నేను పరక ముట్టకుండా మంచం మీద పడుకున్నా ఖర్చయ్యేవే. అవి తీసేస్తే ఊడ్చినందుకు నికరంగా వచ్చింది 80. ఆ రోజు మా ఇంట్లో ఓళిగలు చేసినారు. ఓళిగ మీద మా ఆవిడ పోసిన నెయ్యి రెండు చెంచాలు, సుమారు 10 గ్రాములు. కొవ్వు గ్రాముకు 9 క్యాలరీలు, మొత్తం 90. హాలంతా ఊడిస్తే ఒక ఓళిగ మీది నెయ్యి కూడా కరగలేదు. ఓళిగ సంగతి వేరే.

అంతకన్నా పెద్ద మోసం ఇంకొకటుంది. యాపు మొదట్లోనే అడుగుతుంది: మీరు కూర్చునే మనిషా, తిరిగే మనిషా, కష్టం చేసే మనిషా? ఈ విభజన మనకు కొత్తేం కాదు. 1918లో కూనూరులో మొదలై, 1958లో హైదరాబాదుకు వచ్చిన జాతీయ పోషకాహార సంస్థ తార్నాకలో ఉంది. వాళ్ళ 2020 లెక్క ప్రకారం 65 కిలోల మగవాడు కూర్చునే పని చేస్తే రోజుకు 2,110 క్యాలరీలు కావాలి, ఒక మోస్తరు శ్రమ చేస్తే 2,710. 55 కిలోల ఆడమనిషికి అవే 1,660, 2,130. అంటే రోజంతా చేసే మామూలు పనుల ఖర్చు ఆ పెద్ద అంకెలోనే కలిసి ఉంది. మొదట ‘తిరిగే మనిషిని’ అని రాయించుకుని, మళ్ళీ సాయంత్రం ‘ఇంటి పని అరగంట’ అని విడిగా జమ వేసుకుంటే, అది ఒకే చెరువు పూడికతీతకు రెండు బిల్లులు పెట్టుకున్నట్టు. యాపు పాపం, అడగదు. బిల్లు పాసైపోతుంది. తేడా నడుము దగ్గర తేలుతుంది.

సరే, గడియారమైనా నిజం చెబుతుందేమోనని దాన్ని మా ఆవిడ చేతికి కట్టబోయాను.

“ఈ నల్లగాజు నాకెందుకు?” అంది.

బతిమాలితే కట్టించుకుని రొట్టెలకు కూర్చుంది. జొన్నపిండిలో సలసల కాగే నీళ్ళు పోసి, గరిటెతో కలిపి, వేడి ఆరకముందే అరచేతి మడమతో అదిమి అదిమి పిసికింది. జొన్నపిండికి గోధుమపిండి సాగుడు ఉండదు. ఎంత పిసికితే అంత అతుకుతుంది, లేకపోతే అంచులు పగులుతాయి. ముద్ద తీసుకుని, పీట మీద పొడిపిండి చల్లి, కుడిచేత్తో టపటపా తడుతూ ఎడమచేత్తో తిప్పుతూ పోతే, చూస్తుండగానే రొట్టె పీటంత అయింది. రెండు చేతుల మీదా ఎత్తి పెనం మీద వేసి, పైన తడిగుడ్డతో తుడిచి, తిరగేసి, నిప్పు మీద పొంగించింది. ఇదంతా కూర్చున్నచోటే. ఇన్ని రొట్టెలయ్యాక గడియారం చూస్తే, ఆమె ఎక్కడికో బాగా నడిచి వచ్చినట్టు అడుగులు చూపించింది.

తర్వాత ఆమె కొళాయి నుంచి బిందెలు మోసింది. ఒక బిందె చంకన, ఒకటి చేత. నిజమైన నడక అదే. గడియారం మాత్రం సగం అడుగులు కూడా చూపించలేదు. దానికి కాళ్ళు కనబడవు, మణికట్టు ఊగడమే కనబడుతుంది. బిందె పట్టుకున్న చెయ్యి ఊగదు కదా. ఇదే గడియారం ఆళ్ళగడ్డ తీసుకుపోయి, కూర్చుని రాయి చెక్కే శిల్పి చేతికి కడితే, అహోబిలం కొండెక్కుతున్నాడు అనుకుంటుందేమో.

అంటే రొట్టె తట్టినందుకు నడిచినట్టు, నీళ్ళు మోసినందుకు కూర్చున్నట్టు. ఇంటి పనికి జమాఖర్చులు రాసేవాళ్ళు ఎప్పుడూ ఇట్లాంటివాళ్ళే దొరుకుతారు.

మనుషులు లెక్కపెడితే ఇంతకన్నా నయమే. 2019లో జాతీయ గణాంక కార్యాలయం దేశంలో ఎవరు రోజును ఎట్లా గడుపుతున్నారో సర్వే చేసింది. 6 ఏళ్ళు, ఆపైన ఉన్నవాళ్ళలో, జీతం లేని ఇంటి పని చేసిన ఆడవాళ్ళు రోజుకు సగటున 299 నిమిషాలు ఆ పనిలోనే ఉన్నారు. మగవాళ్ళు 97 నిమిషాలు. అదీ ఇంటి పని చేసిన మగవాళ్ళ సంగతి. అట్లాంటివాళ్ళు నూటికి 26 మంది. ఆడవాళ్ళకు 300 కాక 299 ఎందుకొచ్చిందంటే, ఆ ఒక్క నిమిషం టీ తాగి ఉంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది వారానికి 150 నుంచి 300 నిమిషాల ఒక మోస్తరు శ్రమ. ఇంటి పనీ శ్రమేనని, ఏ కదలికైనా లెక్కకొస్తుందని కూడా చెప్పింది. 299 నిమిషాల్లో వంటనూ గిన్నెలనూ తీసేసి, ఊడ్చడం, తుడవడం, ఉతకడం మాత్రమే పట్టుకున్నా, చాలా ఇళ్ళలో వారం కోటా బుధవారానికే పూర్తవుతుంది.

మరి శాస్త్రవేత్తలు ఏమంటారు? ఇద్దరు రెండు మాటలు అంటారు, అందుకే వాళ్ళు శాస్త్రవేత్తలు. 2007లో అలియా క్రమ్, ఎలెన్ లాంగర్ అనేవాళ్ళు ఏడు హోటళ్ళలో గదులు శుభ్రం చేసే 84 మంది ఆడవాళ్ళను తీసుకున్నారు. కొందరికి ‘మీరు చేసే పనే మంచి వ్యాయామం’ అని చెప్పారు, మిగతావాళ్ళకు చెప్పలేదు. నాలుగు వారాలకు, చెప్పించుకున్నవాళ్ళ బరువు కాస్త తగ్గిందట. 2013లో ఉత్తర ఐర్లండులో సుమారు 4,500 మందిని అడిగితే, మేము చేసే శ్రమ ఇంటి పనేనని ఎక్కువగా చెప్పినవాళ్ళే ఎక్కువ బరువున్నారట. పనిని ఉన్నదానికన్నా ఎక్కువ అనుకుని ఉండొచ్చని పరిశోధకుల అనుమానం.

మొదటి పరిశోధన మా ఆవిడకు చదివి వినిపించాను. ఆమె గుడ్డలు పిండుతూ విని, “నమ్మితే చాలంటనా?” అంది.

“అట్లనే రాసినారు.”

“అయితే మీరు ఇల్లు ఊడ్చినానని నమ్ముకుంటా కూర్చోండి. ఇల్లు శుభ్రమైతాదేమో చూద్దాం.”

రెండోది ఆమెకు చదవలేదు. ఎవరు ఎక్కువ చెప్పుకుంటారో ఆమెకు తెలుసు.

అరుగు మీద కూర్చున్న మా అమ్మకు ఈ గోలంతా వినబడుతోంది. తెల్లారుజామున విసుర్రాయి తిప్పి జొన్నలు విసిరి, మధ్యాన్నం చేనికి పోయి, సాయంత్రం రోట్లో ఊరిమిండి నూరిన మనిషి. ఆమెనే అడిగాను, నీ కాలంలో ఒళ్ళు తగ్గడానికి ఏం చేసేవాళ్ళమ్మా అని.

“తగ్గేదానికా? మాకు పెరిగేదానికే కుదర్లేదు కదా నాయనా.”

యాపులో రాయడానికి వీలైన జవాబు కాదు. అయినా నా తీర్పుకు ఇది బాగా పనికొచ్చింది. ఇంటి పని శ్రమే. ఒంటికి తెలుసు, నడుముకు ఇంకా బాగా తెలుసు. రోజూ చేసేవాళ్ళకు అది రోజువారీ కోటాలోనే కలిసిపోయింది, విడిగా జమ వేయనక్కరలేదు. ఎప్పుడో ఒకరోజు పరక పట్టి, దాన్ని చూపించి ఓళిగ అడిగే నాలాంటివాళ్ళకు జమ వేయనే కూడదు. ఊడ్చాల్సింది ఇల్లు శుభ్రం కావడానికి. అందుకు వచ్చే ఫలితం శుభ్రమైన ఇల్లే, రెండో బజ్జీ కాదు.

అయినా జమ వేసి తీరాలి అంటే ఒక షరతు పెట్టాలి. ఉపాధి హామీ పనిలో కూలి తన మస్టరు తానే వేసుకోడు, మేటు వేస్తాడు. పనిని కొలిచాకే కూలి. ఇంటి పనికీ అదే పద్ధతి ఉండాలి. చేసినవాడు కాకుండా, ఇంట్లో ఉన్న ఇంకొకరు చూసి, కొలిచి, ‘సరే’ అంటేనే యాపులో క్యాలరీలు పడాలి. ఈ సలహా మా అమ్మాయికి చెబితే, యాపులో అట్లాంటి సౌకర్యం లేదంది. పోనీ మనమే మొదలుపెడదామని ఒక నోటుబుక్కు తెచ్చి, మా ఆవిడను మేటుగా పెట్టాను.

ఆదివారం పొద్దున్నే లేచి ఇల్లంతా ఊడ్చి, బండలు తుడిచి, బోకులు కూడా తోమి, చెమట తుడుచుకుంటూ బుక్కు ఆమె ముందు పెట్టాను. ఆమె కళ్ళద్దాలు పెట్టుకుని సోఫా కింద, ఫ్రిజ్ వెనక, సింకు మూలల్లో చూసుకుంటూ ఒక చుట్టు తిరిగింది. తోమిన గిన్నె ఒకటి తీసి గోరుతో గీకి, పక్కన పెట్టింది. తర్వాత పెన్ను తీసుకుని నా పేరుకు ఎదురుగా రాసింది: ‘హాజరు ఉంది. పని కనపడలేదు.’