ఇచ్చే చెయ్యి

అనంతపురం తల్లీ, నిన్ను పొగడకుండా ఉండలేను.

నీకు ఏడాదికి పడేది సగటున 550 మిల్లీమీటర్ల వాన. అదైనా ఎద్దుకు ఒక కొమ్ము తడిసి రెండో కొమ్ము తడవనట్టు పడుతుంది. దాన్ని నమ్ముకుని అప్పు తెచ్చి, వేరుశనగ విత్తనకాయ కొని ఒలిచి, పదును దొరికిన పూట ఎర్రనేలలో గొర్రు తోలే నీ రైతు ధైర్యం చిన్నది కాదు. ఊడలు దిగే వేళకు బెట్ట వస్తే ఆ ఏడు పోయినట్టేనని అతనికి తెలుసు. తెలిసీ వచ్చే ఏడు మళ్లీ దిగుతాడు. సాహసించి సొంత పని మొదలుపెట్టడమెలాగో యువతకు నేర్పాలని ఇప్పుడు అందరూ అంటున్నారు. ఆ బడి నీ చేలల్లో తరతరాలుగా నడుస్తోంది. ఎన్నిసార్లు ఓడినా నువ్వు నోరెత్తవు. నీ ఓర్పు అంత గొప్పది.

నీ పెంపకమూ గొప్పదే. 1946లో మద్రాసు గిండీలో మొదలైన ఇంజినీరింగ్ కాలేజీ 1948లో నీ ఒడికి చేరింది. 2008లో జేఎన్‌టీయూ అనంతపురం విశ్వవిద్యాలయమైంది. నీకు శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం ఉంది. 2018 నుంచి కేంద్రీయ విశ్వవిద్యాలయమూ ఉంది. తాగునీటికి బిందెలు వరుసపెట్టిన ఊళ్లు పిల్లల చదువు మాత్రం ఆపలేదు. ఆ పిల్లలకు కోడ్ రాయడం వచ్చు, గణాంకాలు వచ్చు, ఇప్పుడు మెషిన్ లెర్నింగూ వచ్చు. ఇంతా చేసి వాళ్లలో ఒక్కరినీ నీ దగ్గర ఉంచుకోవాలని ఆశపడవు. బెంగళూరు 200 కిలోమీటర్లే, రోడ్డు బాగుంది, వెళ్లి బతకండి అంటావు. కూలికి వెళ్లేవాళ్లూ కంప్యూటరు పనికి వెళ్లేవాళ్లూ ఒకే బస్టాండులో బస్సెక్కుతారు. నీకు ఇద్దరూ సమానమే.

నీ దాతృత్వాన్ని మాత్రం బోర్ల దగ్గరే చూడాలి. ఎక్కడ వేయాలో చెప్పమని, అరచేతిలో కొబ్బరికాయ నిలిపి నీటి జాడ చెప్పే మనిషిని పిలుస్తావు. తమిళనాడు తిరుచెంగోడు నుంచి వచ్చిన బోరు లారీ రాత్రంతా రొద చేస్తుంది. ఎన్ని అడుగుల దగ్గర తెల్లదుమ్ము లేచిందో, ఎక్కడ రాతిపొడి తడిసిందో, ఎక్కడ బండ అడ్డుపడిందో ఆ రాత్రి అక్కడున్నవాళ్లందరికీ తెలుసు. తెల్లారేసరికి బోరులో నీళ్లు పడలేదని తేలుతుంది. రైతు లక్షల అప్పుతో మిగులుతాడు. లారీ ఇంకో ఊరికి పోతుంది. భూమి లోపలి కథంతా ఆ లారీతోనే పోతుంది. ఎండిన బోరు ఒక్కొక్కటీ ఒక పాఠం. వేల పాఠాలు గుదిగుచ్చి, పక్క పొలం రైతు రెండో బోరు వేయకముందే అక్కడ నీళ్లు పడే అవకాశమెంతో చెప్పగల పనిముట్టు చేయడమే కృత్రిమ మేధ పని. దానికి కావలసిన ముడిసరుకు నీ దగ్గర పుష్కలంగా ఉంది. కొన్నది నీ రైతు, కంటినీటితో కొన్నాడు. నువ్వు దాన్ని రాసిపెట్టుకోనైనా లేదు, అంతా గాలికిచ్చేశావు.

రాయడం నీకు రాదని కాదు. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో నడిచిన భూగర్భజల పథకంలో నీ రైతులు బావుల్లో నీటిమట్టం తామే కొలిచారు, వాన తామే కొలిచారు. ఉన్న నీళ్లెన్ని, వేయబోయే పంటకు ఎన్ని కావాలని ఊరంతా కూర్చుని లెక్క కట్టారు. అక్షరం రాని ఆడవాళ్లు సైతం ఆ లెక్క అర్థం చేసుకున్నారు. పథకం అయిపోయింది. ఆ అలవాటును వ్యాపారంగానో ఊరి సేవగానో నిలబెట్టే కుర్రవాణ్ణి నువ్వు అప్పటికే బెంగళూరు పంపేశావు.

పక్క జిల్లా మీద నీకు అసూయ లేకపోవడమూ మెచ్చుకోవలసిందే. 2016లో కర్నూలు జిల్లా దేవనకొండ మండలంలో వ్యవసాయ పరిశోధనా సంస్థ ఇక్రిశాట్, మైక్రోసాఫ్ట్ కలిసి 175 మంది వేరుశనగ రైతులకు ఎప్పుడు విత్తాలో ఫోనుకు తెలుగులో సందేశాలు పంపాయి. 1986 నుంచి 2015 దాకా 30 ఏళ్ల వాతావరణ లెక్కలు అందుకు ఆధారం. తొందరపడవద్దు, నేల తడి చాలదు, ఆగండి అన్నాయి. ఆగినవాళ్లకు 30 శాతం దాకా దిగుబడి పెరిగిందని ఇక్రిశాట్ చెప్పింది. చెనిక్కాయ గురించి నీకు తెలిసినంత, మైక్రోసాఫ్ట్ కొలువున్న రెడ్మండ్‌కు తెలియదు. నీ ఉమ్మడి జిల్లాలోని కదిరిలో వేరుశనగ వంగడాలు పుట్టించిన పరిశోధనా కేంద్రం ఉంది, రేకులకుంటలో మెట్టసాగు కేంద్రం ఉంది. ఆ సందేశం మాత్రం నీ బిడ్డల చేతుల మీదుగా రాలేదు. వస్తే పదును, బెట్ట, కార్తె అన్న మాటలు అందులో ఉండేవి. పక్క జిల్లాకు అది వచ్చినందుకే నువ్వు సంతోషపడ్డావు.

ఇక భూమి. లేపాక్షి నాలెడ్జ్ హబ్ అన్న పేరు చెప్పగానే చిలమత్తూరు, గోరంట్ల మండలాల్లో 8,844 ఎకరాలు వదులుకున్నావు. 2008, 2009 నాటి మాట. జ్ఞానం వస్తుందన్నారు, నమ్మావు. జ్ఞానమూ రాలేదు, హబ్బూ రాలేదు. చదువు పేరు చెబితే చేను ఇచ్చే తల్లిని ఇంకెక్కడ చూడగలం?

2025 ఆగస్టులో మంగళగిరిలో రతన్ టాటా ఇన్నోవేషన్ హబ్ మొదలైంది. దాని శాఖల్లో ఒకటి నీకు దక్కింది. ఇంటికొక పారిశ్రామికవేత్త అన్నది నినాదం. ఆ తలుపు తెరిచినవాళ్లను మనసారా మెచ్చుకుంటున్నాను, ఎందుకంటే ఆ తలుపు నీకు చాలా అవసరం. అదే ఏడు అక్టోబరులో విశాఖకు గూగుల్ 1,500 కోట్ల డాలర్ల ఏఐ కేంద్రం ప్రకటించింది. దాని మీదా నీకు ఈర్ష్య లేదు. నీ హబ్బు నుంచి నువ్వు ఏం అడుగుతావో తల్చుకుంటేనే నాకు భయం. ఏమీ అడగవు. ఎయిర్ కండిషన్ గదిలో నగరానికి సరుకులు చేరవేసే యాప్ ఒకటి పుట్టినా, మా బిడ్డే కదా చేశాడని చప్పట్లు కొడతావు. మొదటి పెట్టుబడి రాగానే కంపెనీ బెంగళూరు సర్జాపూర్ రోడ్డుకు మారిపోతుంది. నువ్వు దిష్టి తీసి సాగనంపుతావు. నా ఎండిన బోర్ల లెక్క ఎవరు రాస్తారు, చీనీ తోటకు వారంలో ఎన్ని నీళ్లు చాలుతాయో ఎవరు చెబుతారు, నా యాసలో మాట్లాడితే అర్థం చేసుకునే యంత్రాన్ని ఎవరు చేస్తారు అని ఒక్కసారైనా గొంతెత్తి అడగవు. అడిగితే చేయగలవాళ్లు నీ కాలేజీల్లో ఇప్పుడే కూర్చుని ఉన్నారు.

వచ్చే జూన్‌లో తొలి వాన పడ్డ మర్నాడు నీ రైతు చేలోకి వెళ్లి గుప్పెడు మన్ను తీసి పిసుకుతాడు. ముద్ద నిలుస్తుందా, రాలుతుందా అని చూస్తాడు. ఆ ముద్దలో తడి ఎంతో కొలిచి చెప్పగల బిడ్డ ఆ పొద్దున బెంగళూరు బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఉంటాడు. అతని సంచిలో నువ్వు కట్టిచ్చిన చెనిక్కాయల పొడి ఉంటుంది.